ఇల్లు అమ్ముతున్నామని బోర్డు కట్టాలా, వద్దా?

ఈమధ్య ఊళ్లలో మీటింగులకు వెళ్తే ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అజెండాలో ఉండదు. శ్మశానం దారి గురించీ, రేషన్ కార్డుల గురించీ మాట్లాడుకుని అందరూ లేవబోతుంటే ఎవరో వెనకనుంచి అడుగుతారు: "ఇల్లు అమ్ముదామనుకుంటున్నాం, బయట బోర్డు కట్టొచ్చా?" అంతే. అప్పటిదాకా గోడకానుకుని కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. కట్టమనేవాళ్లు నలుగురు, సిగ్గులేదా అనేవాళ్లు పదిమంది. ఇది చిన్న విషయం కాదని, దీనిమీద సంఘాలు ఒక మాట అనుకోవాలని మాకు తోచింది. మా మాట మేం చెప్తున్నాం. కాదనేవాళ్లు కాదనొచ్చు.

ముందు ఆ సిగ్గు సంగతి చూద్దాం. మన తెలుగులో "ఇల్లూ వాకిలీ అమ్ముకున్నాడు" అంటే చెడిపోయాడని అర్థం. ఇల్లు అమ్మాడు అని ఊరికే అనరు, అమ్ముకున్నాడు అంటారు. ఆ "కున్నాడు"లోనే ఎగతాళి అంతా ఉంది. అదే పట్నంలో చూడండి. గేటుకు రేకు బోర్డు వేలాడుతుంటుంది, "ఈ ఇల్లు అమ్మబడును" అని, కింద ఫోన్ నంబరు. ఆ ఇంటాయన పొద్దున్నే అదే గేటు దగ్గర నిలబడి పేపరు చదువుకుంటాడు. సిగ్గుపడడు. కొడుకు అమెరికాలో ఉన్నాడు, అపార్టుమెంటులోకి మారుతున్నాం అంటాడు. పెద్దకులపోడు ఇల్లు అమ్మితే ఆస్తి మార్చుకున్నట్టు, మనవాడు అమ్మితే అమ్ముకు తిన్నట్టు. ఇంటి పనీ అదే, దస్తావేజూ అదే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసూ అదే. మాట ఒక్కటే వేరు.

ఈ సిగ్గు వల్ల ఎవరికి లాభమో అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

మనవాళ్ల ఇల్లు అమ్మకానికి వచ్చేది ఎట్లా? బిడ్డ పెళ్లి. ఆస్పత్రి బిల్లు. పిల్లవాడి ఇంజనీరింగు ఫీజు. గల్ఫ్ వీసాకు ఏజెంటుకు కట్టిన డబ్బు. వీటికి బ్యాంకు అప్పు ఇవ్వదు, ఊళ్లో వడ్డీ ఆసామి ఇస్తాడు. లక్ష తెచ్చారనుకుందాం, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు మూడు వేలు. ఏడాదికి 36 వేలు. మూడేళ్లు కట్టకపోతే వడ్డీయే 1,08,000. అది కూడా ఆసామి మంచివాడైతే. మామూలుగా ఏడాదికోసారి నోటు తిరగరాయిస్తాడు, వడ్డీ అసలులో కలుస్తుంది. అప్పుడు మూడేళ్లకు బాకీ రెండున్నర లక్షలు దాటుతుంది. లెక్క కావాలంటే మీ పిల్లల చేత వేయించి చూడండి.

ఇప్పుడు ఆ ఇల్లు నాలుగు సెంట్లలో ఉంది, బహిరంగంగా అమ్మితే ఆరు లక్షలు పలుకుతుంది అనుకుందాం. ఇంటాయన నోరు తెరిచి ఎవరితోనూ చెప్పడు, పరువు పోతుందని. ఆ ఇల్లు అమ్మకానికి ఉందన్న సంగతి లోకంలో ఒక్క మనిషికే తెలుసు, అప్పిచ్చిన ఆసామికి. కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు ధర ఎవరు చెప్తారు? అతనే చెప్తాడు. "మూడు లక్షలకు రాసెయ్. రెండున్నర బాకీ పోను యాభై వేలు చేతికిస్తా. ఎవరికీ తెలియనివ్వనులే, నీ పరువు నా పరువు కాదా?" అంటాడు. పరువు కాపాడినందుకు మూడు లక్షల రూపాయల ఫీజు! హైకోర్టు వకీలు కూడా అంత తీసుకోడు.

గోడమీద బోర్డు ఉంటే ఏమయ్యేది? పక్క ఊరి మేస్త్రీ అడిగేవాడు, హైదరాబాదులో పనిచేసే మనవాడే ఎవడో అడిగేవాడు, ఆసామి కూడా అడగాల్సి వచ్చేది. నాలుగు లక్షలనేవాడు, నాలుగున్నర అనేవాడు. బోర్డు ధర పెంచుతుందని మేం చెప్పడం లేదు. ధర ఒక్కడి నోట్లో ఉండకుండా చేస్తుంది.

బోర్డు వల్ల ఇంకో మేలుంది, దాని గురించి మగవాళ్లు మాట్లాడరు. ఇవాళ మన వాడల్లో చాలా ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేర ఉన్నాయి. ప్రభుత్వాలు ఇచ్చిన ఇళ్ల స్థలాలు ఆడవాళ్ల పేర రాయడం ఎప్పటినుంచో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి పంచినవి కూడా వాళ్ల పేరుతోనే. మరి ఇల్లు అమ్మే సంగతి ఆ ఇల్లాలికి ఎప్పుడు తెలుస్తోంది? వేలిముద్ర వేయాల్సిన రోజు పొద్దున. "ఆటో ఎక్కు, బ్యాంకు పని ఉంది" అని తీసుకుపోయి సబ్ రిజిస్ట్రార్ ముందు నిలబెట్టిన మొగుళ్లను మేం ఎరుగుదుం. ఆ మొగుళ్లలో మీటింగులకు వచ్చి స్త్రీల హక్కుల తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లూ ఉన్నారు. బోర్డు నెలరోజులు ముందు గోడమీద ఉంటే ఆమె చదువుతుంది. చదువురాకపోతే కూతురు చదివి చెప్తుంది. కూతురికి కూడా చదవాల్సిన అవసరం ఉంది, తాత ముత్తాతల ఇల్లయితే ఆమెకూ వాటా ఉండొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే సవరణ వచ్చింది. 2005లో కేంద్ర చట్టమే మారి పెళ్లయినవాళ్లకూ వచ్చింది. చర్చికి పోయే మన కుటుంబాలకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టంలో మొదటినుంచీ కొడుకూ కూతురూ సమానమే. ఆడబిడ్డ సంతకం లేకుండా అమ్మిన ఇల్లు తర్వాత కోర్టులో తేలుతుంది, కొన్నవాడూ ఏడుస్తాడు, అమ్మినవాడూ ఏడుస్తాడు.

ఇంత చెప్పాక, బోర్డు వద్దనేవాళ్ల మాటలో నిజమేమీ లేదా అంటే, ఉంది. ఒకచోట గట్టిగానే ఉంది.

మన ఇళ్లన్నీ ఒక రకం కాదు. కొన్ని కొనుక్కున్నవి, రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది. కొన్ని గ్రామకంఠంలో తాతలనాటివి. కాగితం ఉండదు, పంచాయతీ ఇంటిపన్ను రసీదే ఆధారం. కొన్ని ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టా స్థలాలు. అసలు చిక్కు ఈ మూడోదానితోనే. 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం, అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, పేదలకు ఇచ్చిన భూమినీ ఇంటి స్థలాన్నీ అమ్మకూడదంది, కొనకూడదంది, రిజిస్ట్రారు రిజిస్టరు చేయకూడదంది. కొన్నవాడికి జైలుశిక్ష కూడా రాసింది. అమ్మినా అమ్మకం చెల్లదు. తహసీల్దారు దాన్ని స్వాధీనం చేసుకుని మొదటి పట్టాదారుకు తిరిగి ఇప్పించవచ్చు, కుదరకపోతే సర్కారే తీసుకోవచ్చు. మన పెద్దలు కొట్లాడి తెచ్చుకున్న చట్టం ఇది. పేదవాడి చేతిలో పెట్టిన భూమిని సారా ప్యాకెట్‌కు రాయించుకుపోకుండా అడ్డం పెట్టిన కట్ట.

తర్వాత ఆ కట్టకు గండ్లు పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సవరణ తెచ్చి ఇంటి స్థలాలైతే 20 ఏళ్లు దాటాక అమ్ముకోవచ్చన్నారు, ఆ తర్వాత ఆ గడువును 10 ఏళ్లకు తగ్గించారు. రాష్ట్రం 2014లోనే విడిపోయింది కాబట్టి తెలంగాణకు ఈ సవరణలు వర్తించవు. అందుకే ఖమ్మంలో బావమరిది విన్న సలహా ఏలూరులో బావకు పనికిరాదు. ఏ రాష్ట్రమైనా చేయాల్సింది మాత్రం ఒకటే. బోర్డు రాయించే ముందు పట్టా తీసుకుని తహసీల్దారు ఆఫీసుకు పోవాలి, మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధ జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ దగ్గర చూసుకోవాలి. జాబితాలో ఉంటే బోర్డు కట్టడం అంటే "నా దగ్గర అమ్మకూడని సరుకు ఉంది" అని దండోరా వేసుకోవడమే. అట్లాంటి బోర్డు చూసి వచ్చేవాడు మామూలు కొనుగోలుదారు కాదు. "రిజిస్ట్రేషన్ కాదు కదా, నోటరీ కాగితం మీద రాయి, పావలా వంతు ఇస్తా" అనే రకం. నూరు రూపాయలకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం చెప్తోంది. ఉత్త జీపీఏ కాగితంతో ఇల్లు చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో తేల్చేసింది. నోటరీ ముద్ర ఎర్రగా ఉంటుంది, అంతే, దానికి అంతకుమించి బలం లేదు.

కాబట్టి అసైన్డ్ స్థలం తేలేదాకా బోర్డు కట్టొద్దు. దాచిపెట్టమని కాదు. అమ్మడానికి మన చేతిలో ఏముందో తెలియకుండా అమ్ముతామని ఎట్లా రాస్తాం?

రెండో అభ్యంతరం సంఘాల్లో మనవాళ్లే చెప్పేది. "వాడలో ఒక ఇంటికి బోర్డు పడితే మరో నాలుగిళ్లకు పడతాయి. వాడ చెదిరిపోతుంది. దొరలు కాచుకుని ఉన్నారు." ఇందులో ఉన్న భయం మాకు అర్థమవుతుంది. ఊరికి దూరంగా, గాలి మనమీదుగా ఊళ్లోకి పోని దిక్కు చూసి మనల్ని తోశారు. తోసి మూడు తరాలు గడిచాక బైపాస్ రోడ్డు వచ్చింది. అది ఊరి నడిబొడ్డులోంచి పోలేదు, ఊరి చివర మన వాడ ముందునుంచి పోయింది! నిన్నటిదాకా అంటరాని చోటు, ఇవాళ పెట్రోలు బంకుకు బ్రహ్మాండమైన చోటు. మన గడపలో మంచినీళ్లు తాగనివాళ్లు మన గడప గజం ఎంత అని అడుగుతున్నారు. చరిత్రకు హాస్యం తెలుసు.

అయినా వాడ ఇల్లు వాడ దాటకూడదని తీర్మానం చేసేవాళ్లతో మేం ఏకీభవించం. ఆ తీర్మానాలు ప్రతిపాదించేది ఎవరు? ఎక్కువగా ఉద్యోగాలొచ్చి గుంటూరులోనో ఎల్బీనగర్‌లోనో ఇల్లు కట్టుకుని, వాడలో ఇంటికి తాళం వేసి, ఏప్రిల్ 14కు వచ్చి మైకు పట్టుకునేవాళ్లు. వాళ్లకు వాడ జ్ఞాపకం. ఇక్కడ ఉన్నవాడికి వాడ నెలనెలా కట్టాల్సిన వడ్డీ. మునిగేవాడిని స్తంభం వదలొద్దని ఒడ్డున నిలబడి చెప్పడం తేలిక. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామం గురించి ఎంత ఘాటుగా మాట్లాడారో ఈ ఉపన్యాసకులే మనకు చెప్తారు, ఆ గ్రామం వదిలి పోతానన్నవాడినేమో ద్రోహి అంటారు. 1985 జూలై 17 దాడి తర్వాత కారంచేడు మాదిగలు ఊరొదిలి చీరాల చేరారు, అక్కడ విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. దాన్ని ఎవరైనా ఓటమి అన్నారా? పోవడానికి ఒక్కోసారి ఉండడం కంటే ఎక్కువ గుండె కావాలి.

వాడ అడగదగ్గది ఒకటుంది. బోర్డు బయటి లోకానికి కట్టే ముందు పదిహేను రోజులు వాడలో చెప్పాలి. పక్కింటివాడికి ఇద్దరు కొడుకులుంటారు, ఒకే గదిలో రెండు కాపురాలుంటాయి, ఆ ఇల్లు వాళ్లకు కలిసొస్తుంది. పొదుపు సంఘాల్లో ఆడవాళ్లు బ్యాంకు లోను తెచ్చి వాడలోనే కొన్న సందర్భాలున్నాయి. ముందు మనవాళ్లను అడగడం మర్యాద. అయితే మర్యాద అంటే వీటో కాదు. "మనవాడివి కదా, సగం ధరకియ్యి" అంటే అది కూడా ఆసామి మాటే, మన నోట్లోంచి వచ్చింది. పదిహేను రోజుల్లో ధర కుదరకపోతే పదహారో రోజున బోర్డు కట్టే హక్కు ఆ కుటుంబానిది. సంఘం అడ్డం పోకూడదు.

మనవాళ్లు అంటే ఎవరు అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మాలపల్లెలో ఇల్లు అమ్మకానికి వస్తే మాదిగ కుటుంబం అడిగినప్పుడు "చూద్దాంలే" అనే జవాబు ఎన్నిచోట్ల విన్నాం? మాదిగవాడలో డక్కలి కుటుంబం అడిగితే? గుడిసె కాదు, డబ్బు పెట్టి ఇల్లు కొంటామంటే "మా వీధిలోనా?" అన్న మాట మన నోటినుంచి వచ్చిన రోజులు లేవా? వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది, దానిమీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు, ఈ పత్రిక చదివేవాళ్లలోనే రెండు రకాలూ ఉన్నారు. కాని ఇల్లు అమ్మేటప్పుడు ఉపకులం అడిగేవాడు, పట్నంలో తనకు ఇల్లు అద్దెకివ్వని అయ్యగారి గురించి ఫిర్యాదు చేసే అర్హత పోగొట్టుకుంటాడు. మా గోడమీద బోర్డు అందరికోసం అని రాస్తే అందరికోసమే.

ఇక పట్నం సంగతి. అక్కడ చిక్కు బోర్డుతో కాదు, బోర్డు చూసి వచ్చేవాళ్లతో. చిన్న ఉద్యోగం చేసి, లోను కట్టి, కలగలుపు కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్న మనవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. రిటైరయ్యాక అమ్ముదామని బోర్డు కడతారు. ఫోన్ వస్తుంది. ఎన్ని గజాలు, ఏ ఫేసింగు, బోరు ఉందా? మూడో నాలుగో ప్రశ్న దగ్గర గొంతు మారుతుంది. "మీరేమిట్లండీ?" తెలుగులో ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద అర్థం ఉండడం మన గొప్పతనం. చెప్తే "మళ్లీ ఫోన్ చేస్తాం" అంటారు. చెప్పకపోతే ఇంటికి వస్తారు. హాల్లో అంబేద్కర్ ఫొటో చూస్తారు. వాస్తు బాగాలేదంటారు, గోడకు చెమ్మ ఉందంటారు, లక్ష తగ్గించమంటారు.

దీనికి మన స్నేహితుల్లోనే కొందరు ఒక చిట్కా చెప్తున్నారు. అమ్మేదాకా ఫొటో తీసి బీరువాలో పెట్టండి, గుమ్మానికి మామిడాకులు కట్టండి, బోర్డు మీద పేరు రాయకండి అని. తిట్టడం తేలికే. మేం తిట్టం. రిటైరైన మనిషికి లక్ష అంటే లక్షే. ఆ లక్షను ఉద్యమం పూడ్చదు. అయితే చిట్కా పనిచేస్తుందా లేదా అన్నది లెక్కగా చూద్దాం. కొనేవాడు బయానా ఇచ్చే ముందు జిరాక్సులు అడుగుతాడు. దస్తావేజులో పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, లింకు డాక్యుమెంట్లలో తాత పేరుంటుంది. స్థలం సొసైటీ ద్వారా వచ్చిందైతే సొసైటీ పేరే చెప్పేస్తుంది. చుట్టుపక్కల నాలుగిళ్లలో అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తారు. ఫొటో చూసి పారిపోయేవాడు కాగితం చూసి కూడా పారిపోతాడు. తేడా ఏమిటంటే ఫొటో ఉంటే మొదటిరోజే పోతాడు, ఫొటో తీసేస్తే మన నెలరోజులు తినేసి పోతాడు. పైగా ఆ నెలరోజుల్లో నిజంగా కొనేవాడు ఇంకో ఇల్లు చూసుకుంటాడు. ఫొటోను గోడమీదే ఉంచండి. పనికిమాలినవాళ్లను జల్లెడ పట్టి పంపిస్తుంది, జీతం లేకుండా.

పేరు మాత్రం బోర్డు మీద అక్కర్లేదు. ఇది దాపరికం కాదు, ఏ కులంవాళ్లూ రాయరు. అమ్మేది ఇంటిని, ఇంటిపేరును కాదు. "మీరేమిట్లు" అని అడిగినవాడికి మా వాళ్లొకరు చెప్పే జవాబు మాకు నచ్చింది: "తూర్పు ఫేసింగండీ."

ఎదుటివైపు నుంచి కూడా ఈ బోర్డుల్ని చూడాలి. "వెజిటేరియన్స్ ఓన్లీ" అని రాసిన టు-లెట్ బోర్డులు చదువుతూ తిరగని దళిత ఉద్యోగి హైదరాబాదులో లేడు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు ఊళ్లో తలదాచుకునే చోటు దొరకలేదు, పార్సీల సత్రంలో పేరు మార్చుకుని దిగితే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. కొలంబియాలో చదివొచ్చినా అంతే. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్లో ఒక మాట ఉంది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోవడానికీ, సంపాదించుకోవడానికీ, ఉండడానికీ అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరం. ఆరు నెలల దాకా జైలు. కాని బోర్డుమీద కులం రాయకుండా కూర పేరు రాస్తే కేసు ఎట్లా పెడతారు? పైగా 2005లో అహ్మదాబాదు పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, ఒక మతంవాళ్లు తమ సొసైటీలో తమవాళ్లకే ఇళ్లు అమ్ముకోవాలని నిబంధన పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ దారి ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? బోర్డు మీద నిజం రాయించే చట్టం ఇంకా రాలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాం. అంబేద్కర్ ఇల్లు కట్టినవాడే కాదు, అమ్మినవాడు కూడా. బొంబాయి దాదర్‌లో రాజగృహ కట్టుకున్నారు, ఖార్‌లో చార్‌మినార్ అని ఇంకో భవనం కట్టించారు. 1941లో చార్‌మినార్‌ను అమ్మేశారు, పుస్తకాలున్న రాజగృహను ఉంచుకున్నారు. ఇల్లు అమ్మడం పరువు తక్కువ అనేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

బోర్డు కట్టాలని నిర్ణయమైతే ఎట్లా కట్టాలో నాలుగు మాటలు. ఫ్లెక్సీ వద్దు, గాలికి చిరుగుతుంది, పైగా అందులో బొమ్మలు పెట్టించాలని పిల్లలు ముచ్చటపడతారు. గోడకు సున్నం వేసి నీలిరంగుతో రాయించండి, లేదా ఒక రేకు ముక్క. "ఈ ఇల్లు అమ్మబడును", ఎన్ని సెంట్లు, రిజిస్టరు దస్తావేజు ఉందా గ్రామకంఠమా, ఫోన్ నంబరు. సెంటుకు 48.4 గజాలు. బ్రోకర్లు గజాల్లో మాట్లాడి మనల్ని తికమక పెడతారు కాబట్టి రెండూ రాయండి. ధర రాయొద్దు. ఎందుకు అమ్ముతున్నామో అసలే రాయొద్దు, అడిగినా చెప్పొద్దు. "అర్జంటు" అన్న మాట గోడమీద కనపడిందంటే లక్ష పోయినట్టే. "మధ్యవర్తులు వద్దు" అని రాస్తే బ్రోకరు రాత్రిపూట బోర్డు పీకేస్తాడు, అది మామూలే, మళ్లీ రాయండి. ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉన్నా, ఒంటరి ఆడమనిషి ఉన్నా ఆమె నంబరు గోడమీద పెట్టకండి. అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. తమ్ముడిదో, సంఘం కార్యదర్శిదో ఇవ్వండి. కాకపోతే కార్యదర్శి ఆ ఫోన్ ఎత్తే మనిషై ఉండాలి!

వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదా అని కుర్రవాళ్లు అడుగుతున్నారు. పెట్టండి, మంచిదే. కాని గ్రూపులో మెసేజి మధ్యాహ్నానికి పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడిపోతుంది. గోడమీద బోర్డును బస్సులో పోయేవాడు కూడా చూస్తాడు. అదీకాక మనం మొదట చెప్పిన ఇల్లాలు ఆ గ్రూపులో ఉండదు.

బేరం కుదిరిన రోజు జాగ్రత్తలు ఎక్కువ కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ వీధికి గజం విలువ ఎంత వేశారో ముందే తెలుసుకుని ఉండండి, దానికంటే తక్కువకు దిగొద్దు. ఈసీ మీరే తీయించి పెట్టుకోండి. జిరాక్సులే ఇవ్వండి, అసలు పట్టా ఇంట్లోంచి కదలకూడదు. బయానాకు గడువు రాసుకున్న అగ్రిమెంటు ఉండాలి. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం ఎవరడిగినా, దేవుడడిగినా పెట్టకండి. 2015 జూన్ నుంచి ఇల్లు అమ్మకంలో బయానాగానైనా 20 వేలు, అంతకు పైన నగదుగా పుచ్చుకోకూడదు. చెక్కో, బ్యాంకులో జమో కావాలి. ఆ నిబంధన ఎవరికోసం పెట్టారోగాని మనకు పనికొస్తుంది. బ్యాంకు పుస్తకంలో పడ్డ డబ్బును "ఇచ్చేశానుగా" అని ఎవడూ బుకాయించలేడు. పడేది ఆ ఇల్లాలి ఖాతాలో పడాలి, పట్టా ఆమె పేర ఉంటే. రిజిస్ట్రేషన్ కాకుండా తాళంచెవి ఇవ్వొద్దు.

బోర్డు చూసి కొనేవాళ్ల కంటే ముందు అప్పులవాళ్లు వస్తారు. వరసలో నిలబడతారు. ఇది బోర్డు వద్దనేవాళ్లు చెప్పిన మూడో మాట, నిజమే. వాళ్లను చూసి కంగారుపడి తక్కువ ధరకు ఒప్పుకోవద్దు. "రిజిస్ట్రేషన్ రోజున రండి, లెక్క చూసుకుందాం" అని ఒకే మాట అందరికీ చెప్పండి. ఆ రోజు లెక్క రాయడానికి సంఘం నుంచి ఒక చదువుకున్న పిల్లను కూర్చోబెట్టండి. అసలు ఎంత, కట్టిన వడ్డీ ఎంత, తిరగరాసిన నోట్లు ఎన్ని. ఆసామికి ఇవ్వాల్సింది బ్యాంకు ద్వారా ఇవ్వండి. నోటు తెచ్చాడా అని ముందు అడగండి. "ఇంట్లో ఉంది, రేపిస్తా" అంటే డబ్బు కూడా రేపే. పాత నోట్లు, తిరగరాసిన నోట్లు, పూచీ పడ్డ బావమరిది సంతకం ఉన్న నోటు, అన్నీ చేతిలో పడ్డాక అతని ముందే చింపి, ఆ ముక్కలు కూడా మీరే ఇంటికి తెచ్చుకోండి.